రైలు కూతని మింగిన గొట్టం

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, పెద్దమ్మా. ఆ సంగతి నీకు తెలుసు."

నాకు తెలుసు. అందుకే పాలు పొంగకుండా చూసుకుంటూ ఊరుకున్నాను.

మా టీ కొట్టుని ఆనుకునే అతని షెడ్డు. బండితో పాటు వచ్చిన సైలెన్సరు తీసేసి, బయట కొన్న కొత్త సైలెన్సరు బిగించడం అతని పని. అందరూ మోత బాబాయి అంటారు. ఆ కొత్తవాటి మూతిలో, చప్పుడు తగ్గడానికని, జానెడైనా లేని సన్నగొట్టం ఒకటి దూర్చి ఉంటుంది. ఒక్క స్క్రూ విప్పితే ఊడొస్తుంది. మోత బాబాయి దాన్ని ఊడబెరకందే ఏ బండినీ షెడ్డు దాటనివ్వడు. ఊడబెరికినవాటిని గుమ్మానికి అడ్డంగా కట్టిన తీగకి తగిలిస్తాడు. గాలి వేసినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతాయి. అంత మోతని కట్టేసి ఉంచేది ఇంత చిన్న వస్తువా అని నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం వాన పడుతుండగా సామాన్ల ఆటో ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు దానికి లారీ హారను పెట్టించుకున్నాడు. ఆగుతూ ఒకసారి కొట్టేసరికి నా చేతిలో గరిటె జారిపోయింది. వెనక పట్టా కప్పి, తాళ్ళతో కట్టేసిన బండి ఉంది. ముందు నుంచి ఒక తల్లీ, పాతికేళ్ళ కొడుకూ దిగారు. తల్లి చేతిలో హెల్మెట్ ఉంది. ఒక పక్కంతా గీసుకుపోయి ఉంది.

మోత బాబాయి అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. వాన తగ్గాక బండి దింపుదాం, టీ తాగుతూ ఉండండి అని లోపల్నుంచే కేకేశాడు. వాళ్ళు నా బల్ల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళం కదా, గ్లాసు చేతికి ఇచ్చేలోపే సగం చెప్పుకున్నాం.

బండి పెద్దకొడుకుది. కరెంటు లైన్లు తిరిగి చూసే ఉద్యోగం. రోడ్డున్నా లేకపోయినా పోగల బండి కావాలని రోడ్డుకీ రాళ్ళకీ పనికొచ్చేది కొనుక్కున్నాడు. కొన్నాక ఈ షెడ్డుకే వచ్చి ఈ మోత పెట్టించుకున్నాడు. ఆమెకి ఆ మోత పడేది కాదు. ఒక పొద్దున మాటా మాటా పెరిగి, "ఆ మోతతో మళ్ళీ నా గుమ్మం ముందుకి రాకు" అంది. ఆ రోజే అతను రైలు పట్టాల పక్కన కంకరదారిలో వెళ్తూ, పట్టాలు దాటడానికి అడ్డం తిరిగాడు. వెనక నుంచి రైలొచ్చింది. బండి ముందుకు దొర్లిపోయి గుంటలో పడింది. మనిషికే తగిలింది.

"చాలా దూరం నుంచి కూత వేస్తూనే వచ్చానని రైలు డ్రైవరు చెప్పాడమ్మా," అంది ఆమె. "పొలాల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడిందట. వాడికేం చెవుడా, తెలిసే తిరిగాడు అన్నారు అందరూ. నేను రావద్దన్నాను. వాడు రాలేదు."

టీ చల్లారుతుంటే గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు అన్న ఉద్యోగం తమ్ముడికి ఇచ్చారు. బండి లేందే ఆ పని కాదు. ఆ సన్నగొట్టం మళ్ళీ పెట్టిస్తేనే బండి ముట్టుకోమంది తల్లి. అన్న ఎలా ఉంచుకున్నాడో నేనూ అలాగే ఉంచుకుంటానన్నాడు కొడుకు. దారి పొడుగునా అదే గొడవట. ఇక్కడికొచ్చాక ఇద్దరూ చెరో పక్కకి చూస్తున్నారు.

అదిగో, అప్పుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు మోత బాబాయి. వాళ్ళు చాలా దూరం నుంచి వచ్చారు. వీళ్ళెవరో, పట్టా కింద ఉన్నది ఏ బండో అతనికి తెలీదు. కుర్రాడి మొహం చూశాడు, బేరం దొరికిందనుకున్నాడు, గొప్పలు చెప్పుకునే మనిషిని కానన్నాడు. ఎదురుకొట్టు దర్జీ మిషను ఆపి, గొడుగేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు.

"గొట్టం ఉంచాలా తియ్యాలా అనే కదా మీ అనుమానం? నా దగ్గరికొచ్చేవాళ్ళందరికీ అదే. నేనేం చెప్పను. జరిగింది చెప్తాను, మీరే ఆలోచించుకోండి. ఒక కుర్రాడు వచ్చాడు. కరెంటు లైన్లు చూసే కుర్రాడు, నీ ఈడే ఉంటాడు, కొండల్లో రాళ్ళల్లో తిరిగే బండి."

కొడుకు ఏదో అనబోయాడు. తల్లి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "చెప్పనీ," అంది మెల్లిగా.

"అలా అడుగు చెల్లెమ్మా. మొదలంతా ఒక్క నట్టుతో. ఇంజను దగ్గర పైపుని పట్టుకునే నట్టు ఉంటుందే, అది. బురద తిని, వేడికి కాలి, తుప్పు పట్టి, ఇనుమూ ఇనుమూ ఒకటైపోయి కూర్చుంది. నా దగ్గరికొచ్చేలోపే ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు, ఒకడి స్పానరు వంగిపోయింది, ఒకడు ఊరే మారిపోయాడు. నేనేం చేశాను? నాలుగు చుక్కలు కిరసనాయిలు వేశాను, వచ్చి పెద్దమ్మ దగ్గర టీ తాగాను, వెళ్ళి రెండు వేళ్ళతో తిప్పాను. ఊడొచ్చింది."

"రెండు వేళ్ళతోనా బావా?" అన్నాడు దర్జీ.

"నిజం చెప్పాలంటే ఒకటే. రెండోది ఊరికే తోడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త పైపు తీశాం. అద్దంలా ఉంది. దానితో ఒక చిక్కుంది. వేలిముద్ర పడిందనుకో, బండి మొదటిసారి స్టార్టు చెయ్యగానే ఆ వేడికి ముద్ర కాలి ఇనుములో ఉండిపోతుంది, ఇంక జన్మలో పోదు. అందుకని అందరూ స్పిరిటుతో తుడిచి బిగిస్తారు. నేను తుడవను. అసలు ముట్టుకోను."

"ముట్టుకోకుండా ఎలా బిగించావు?" అన్నాడు ఆటో డ్రైవరు.

"ఊదాను. ఇలా. వెళ్ళి చోట్లో కూర్చుంది. నవ్వకండి, ఇదంతా పని నేర్చుకున్నవాళ్ళకి మామూలే. అసలు సంగతి ఇప్పుడుంది. మూతిలోంచి సన్నగొట్టం ఊడబెరికాను. అదిగో, ఆ తీగ మీదే ఉంది. ఏది ఏ బండిదో కళ్ళు మూసుకుని, మోత విని చెప్పగలను నేను. బండి స్టార్టు చేశాను. అంతే, పెద్దమ్మ అరలో గ్లాసులు లేచి, వరసగా నడుచుకుంటూ వచ్చి ఈ బల్ల మీద కూర్చున్నాయి."

"టీ కూడా పోసుకున్నాయా?"

"పోసుకోలేదు. పంచదార మాత్రం వేసుకున్నాయి. అడుగు పెద్దమ్మని."

నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"ఈ దర్జీ బావ భోజనానికి వెళ్ళాడా, మిషను దానంతట అదే తిరిగి చొక్కా ఒకటి కుట్టిపారేసింది. మూడు చేతులు పెట్టిందనుకో, అది వేరే సంగతి."

"అది నేనే కుట్టాను," అన్నాడు దర్జీ.

"ఆ మేడ మీద ముసలాయన లేడూ, పుట్టుచెవుడు, పడకకుర్చీలోంచి లేచి 'ఎవర్రా నా నిద్ర చెడగొట్టింది' అన్నాడు. పుట్టాక ఆయన చెవిన పడ్డ మొదటి చప్పుడు అది."

"పుట్టుచెవుడైతే మాటలెలా వచ్చాయి బావా?"

"అదే కదా నేను చెప్తున్నది. ఆ దెబ్బకే వచ్చాయి. తర్వాత వద్దన్నా ఆగలేదు, కోడలు వేరు కాపురం పెట్టింది."

ఆటో డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. కుర్రాడు నవ్వలేదు. అన్న ఇక్కడ, ఈ బల్ల మీదే కూర్చుని ఇదే మనిషితో మాట్లాడాడన్న సంగతి అతని మొహంలో నెమ్మదిగా తెలుస్తోంది. తల్లి హెల్మెట్‌లోపలి గుడ్డని వేళ్ళతో సర్దుతోంది. వాన రేకు మీద పడుతూనే ఉంది. మోత బాబాయి వానకంటే గొంతు పెంచాడు.

"బండి ఎలా పోతుందో చూద్దామని ఇద్దరం బయల్దేరాం. అతను ముందు, నేను వెనక. ఊరు దాటి కొండ మలుపు తిరిగామో లేదో, చప్పుడు మాకంటే ముందు పోయి కొండకి కొట్టుకుంది. అక్కడ నిలబడి అరిస్తే కొండ తిరిగి పలికేది, గుర్తుందా? ఇప్పుడు వెళ్ళి అరవండి. పలకదు. ఉన్న పలుకంతా ఆ రోజే అయిపోయింది. దారిలో చెట్ల మీద కాకులున్నాయి. వాటి గొంతులు పోయాయి. ఇప్పటికీ నోళ్ళు తెరుస్తాయి, మూస్తాయి, చప్పుడు రాదు. పిల్లల్ని పిలుచుకోవాలంటే రెక్కలతో సైగ చేస్తాయి పాపం."

"పాపం," అంది తల్లి.

ఆమె ఎగతాళిగా అనలేదు. మోత బాబాయి ఒక్క క్షణం ఆమె వైపు చూసి, మళ్ళీ అందుకున్నాడు.

"నేను వెనక కూర్చుని, నెమ్మదిగా పోరా బాబూ అని అరిచాను. నా మాట నాకే వినబడలేదు. అరిచినవన్నీ గొంతులోనే నిలిచిపోయాయి. రాత్రి అన్నానికి కూర్చున్నాక అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. నెమ్మదిరా, చూసుకోరా, పడతాంరా అని. మా ఆవిడ కంచం వదిలేసి పుట్టింటికి ఫోను చేసింది, ఈయనకి ఏదో పట్టిందని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బు పట్టింది. మెరుపు చూశాం. ఉరుమేదీ? ఉరిమిందట, ఊళ్ళో అందరూ విన్నారట. మాకు మాత్రం వట్టి వెలుగు."

"ఉరుము కూడా వినబడలేదా?" తల్లి అడిగింది.

"ఉరుము ఒక లెక్కా చెల్లెమ్మా. రైలు సంగతి విను."

నేను పొయ్యి తగ్గించాను. ఎందుకు తగ్గించానో తెలీదు. అతన్ని ఆపాలని నోటిదాకా వచ్చింది, కానీ ఆమె కళ్ళు చూసి ఆగిపోయాను. ఆమె ముందుకి వంగి కూర్చుంది. గుక్కెడు నీళ్ళ కోసం చాలా దూరం నడిచి వచ్చినవాళ్ళు అలా వంగుతారు.

"పట్టాల పక్కన కంకరదారి ఉంటుంది, అందులో దిగాడు. ఆ దారంటే ఆ కుర్రాడికి ప్రాణం, అడ్డదారి కదా. పోతున్నాం. ఎందుకో వెనక్కి చూశాను కదా, రైలు. మా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో వస్తోంది. డ్రైవరు కూత వేస్తున్నాడు, తాడు పట్టుకుని వేలాడుతున్నాడనుకో. వినబడితే ఒట్టు. గోడ మీద రైలు బొమ్మ గీసినట్టుంది, అంతే. చక్రాల చప్పుడు లేదు, కూత లేదు. ఆ సైలెన్సరు గొట్టంలోకి ఎన్ని చప్పుళ్ళు పోయాయో అన్నీ లోపలే ఉండిపోయాయి. ఆఖరికి డ్రైవరు రైలు ఆపి దిగాడు. చేతులు జోడించి, బాబూ నా కూత ఎక్కడో పడిపోయింది, మీకేమైనా దొరికిందా అన్నాడు. జనం కూడా దిగి కంకరలో వెతికారు. పొద్దుగూకేదాకా వెతికారు. ఆ కుర్రాడు జాలిపడి సైలెన్సరు మూతికి చెయ్యి అడ్డం పెట్టాడు, అప్పుడు బయటికొచ్చింది కూత, డ్రైవరు పట్టుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఇక్కడ దింపాడు, ఆ కుర్రాడు మాత్రం ఆగలేదు. పోతూనే ఉన్నాడు. ఇప్పుడు ఏ కొండలు దాటుతున్నాడో, ఏ సముద్రం ఒడ్డున ఉన్నాడో. గాలి ఇటు తిరిగినప్పుడు తెల్లారగట్ల నాకు ఆ బండి మోత వినబడుతుంది, ఒట్టు."

ఎవరూ నవ్వలేదు. దర్జీ తల్లి మొహం చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎక్కడికీ పోలేదయ్యా," అంది ఆమె. "ఆ కంకరదారి దగ్గరే ఆగిపోయాడు. రైలు ఆగలేదు. వాడు నా పెద్దకొడుకు. ఆ పట్టా కింద ఉన్నది వాడి బండి."

మోత బాబాయి పట్టా వైపు తిరిగాడు. గాలికి అంచు లేచి, ఆకుపచ్చ టాంకు కొంచెం కనబడుతోంది. నోరు తెరిచాడు. అతని కథలో కాకుల్లాగే, చప్పుడు రాలేదు.

"నిన్ను తిట్టడానికి రాలేదు," అంది ఆమె. "ఇంతసేపూ ఎన్నో చెప్పావు. గ్లాసులు నడవలేదని నాకు తెలుసు. కాకుల గొంతులు పోలేదనీ తెలుసు. అందులో ఒక్కటి నాకు కావాలి. రైలు కూత వినబడదన్నావు. అది కూడా గ్లాసుల్లాంటిదేనా, నిజమా?"

అతను నా వైపు చూశాడు, దర్జీ వైపు చూశాడు.

"నిజమే చెల్లెమ్మా," అన్నాడు ఆఖరికి.

"ఒట్టు వేస్తావా?"

"వేస్తాను." ఆగాడు. "కానీ నా ఒట్టు ఎవరు నమ్ముతారమ్మా. ఇందాక తెల్లారగట్ల వినబడే మోతకి కూడా ఒట్టేశాను."

ఆమె తల ఊపింది. అవును, అదీ నిజమే అన్నట్టు.

వాన తగ్గింది. ఆమె లేచి నిలబడి, "బండి దింపు," అంది కొడుకుతో. "నేనే వింటాను."

ఆటో డ్రైవరూ కొడుకూ కలిసి బండి దింపి, షెడ్డు ముందు స్టాండు వేశారు. తడి తుడుస్తుంటే పైపు మీద, ఇంజను దగ్గర వంపులో, గోధుమరంగు మరక ఒకటి కనబడింది. బొటనవేలి గీతలు కూడా తెలుస్తున్నాయి.

"నాది కాదమ్మా," అన్నాడు మోత బాబాయి, అడగకుండానే. "పట్టుకో అంటే ఆ అబ్బాయే పట్టుకున్నాడు. తుడవలేదు."

ఆమె దాని మీద వేలు పెట్టలేదు. దగ్గరగా పెట్టి తీసేసింది. తర్వాత పెద్దకొడుకు హెల్మెట్ తలకి పెట్టుకుంది. గడ్డం కింద పట్టీ ఎలా పెట్టాలో తెలియలేదు, చిన్నవాడు పెట్టాడు. అతను ముందు ఎక్కి కూర్చున్నాక, నా భుజం ఆసరా చేసుకుని ఆమె వెనక ఎక్కింది. కాళ్ళు ఎక్కడ పెట్టాలో నేను చూపించాను, నాకు మాత్రం ఏం తెలుసని.

"నువ్వు ఆటో నా వెనక పెట్టు బాబూ," అంది డ్రైవరుతో. "నేను చూడకూడదు. ఎప్పుడు కొడతావో చెప్పకు. వినబడితే నేను చెయ్యి ఎత్తుతాను."

అప్పుడు తెలిసింది నాకు ఆమె ఏం పణం పెట్టిందో. చెయ్యి లేచిందా, కొడుకు కూత విని కూడా పట్టాల మీదికి తిరిగాడన్నట్టే. తన మాట మోసుకుని తిరిగాడు. ఆ చేతిని మిగిలిన బతుకంతా ఆమె ఎత్తుకునే తిరగాలి.

చిన్నవాడు బండి స్టార్టు చేసి, యాక్సిలరేటర్ తిప్పాడు.

మోత బాబాయి చెప్పినట్టు గ్లాసులు నడవలేదు. అరలో ఒకదానికొకటి తగులుతూ వణికాయి, అంతే. కానీ నా పళ్ళు కూడా వణికాయి. దర్జీ చెవులు మూసుకుని ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడ్డాయి, ఆ చుయ్యిమనడం కూడా లేదు. కంటికి కనబడ్డాకే చూసుకున్నాను.

ఆటో ఆమె వీపుకి మూరెడు దూరంలో ఉంది. డ్రైవరు చెయ్యి హారను మీద పడింది. నేను పక్కన నిలబడ్డాను కాబట్టి నాకు కొంచెం తెలిసింది, గోడ అవతల ఎవరో పిలిచినట్టు. అతను చెయ్యి తియ్యలేదు. అలాగే నొక్కి పెట్టాడు. తీశాడు, మళ్ళీ నొక్కాడు. మోత బాబాయి షెడ్డు గుమ్మంలో, తీగ కింద, ఆమె కుడిచేతినే చూస్తూ నిలబడ్డాడు. ఆ చెయ్యి చిన్నవాడి భుజం మీద ఉంది. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. లేవలేదు.

చాలాసేపయ్యాక ఆమె చిన్నవాడి వీపు తట్టింది. అతను బండి ఆపాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వచ్చిపడేసరికి, చూరు నుంచి కారే నీటిచుక్కలు కూడా గట్టిగా పడుతున్నట్టనిపించింది.

ఆమె హెల్మెట్ తియ్యకుండానే వెనక్కి తిరిగి, "ఏం బాబూ, ఎప్పుడు కొడతావు?" అంది.

డ్రైవరు ఆటో దిగి వచ్చాడు.

"కొట్టానమ్మా," అన్నాడు. "ఇప్పటిదాకా కొడుతూనే ఉన్నాను."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. దర్జీ కూడా ఊపాడు.

"అయితే వాడికి వినబడలేదు," అంది. "నా మాట మీద కాదు. వినబడక."

హెల్మెట్ లోపలే ఏడ్చింది. ఎవరమూ దగ్గరికి వెళ్ళలేదు. చిన్నవాడు ముందుకి చూస్తూ అలాగే కూర్చున్నాడు, తల్లి చెయ్యి తన భుజం మీద నుంచి జారకుండా తన చెయ్యి వేసి. కాసేపటికి, తల తిప్పకుండానే, "బాబాయ్, ఆ గొట్టం పెట్టెయ్," అన్నాడు.

మోత బాబాయి తీగ కిందికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ చాలా వేలాడుతున్నాయి. కళ్ళు మూసుకుని చెప్పగలనన్న మనిషి కళ్ళు తెరుచుకునే వెతికాడు. ఒకటి తీసి బండి మూతిలో పెట్టి చూశాడు, పట్టలేదు. ఇంకొకటి తెచ్చాడు, వదులైంది. మోకాళ్ళ మీద కూర్చోవడం, లేవడం, తీగ దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ రావడం. ఏ ఒక్కటీ ఎవరిదో అతనికి తెలీదు. దర్జీ ఎగతాళి చెయ్యలేదు. గొడుగు మడిచి, వెళ్ళి తీగ పట్టుకుని వంచాడు, అతనికి అందేలా.

ఆఖరికి ఒకటి సరిపోయింది. స్క్రూ బిగించాడు. ఇంకోసారి బిగించాడు. చిన్నవాడు స్టార్టు చేశాడు.

నేను ఆమెకి వేడిగా ఇంకో టీ కలుపుతున్నాను. బండి ఇంజను నడుస్తూనే ఉంది, నా గ్లాసులో చెంచా చప్పుడు నాకు వినబడింది.